యుద్ధం తప్పంటూనే యుద్ధం చూపించే గండమ్: ఇందులో రాజకీయం ఎంత నిజం?

గండమ్ అంటే మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధ రోబోల జపాన్ యానిమేషన్ సిరీస్‌ల వరుస, వాటిలోని ముఖ్య రోబో పేరూ అదే. దాని గురించి నన్నడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "గండమ్ సిరీస్‌లు ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నాను. యుద్ధం తప్పు అంటూ ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు ఏడుస్తారు, ఆ వెంటనే రోబోలు కొట్టుకుంటాయి. ఇందులో రాజకీయం నిజంగా వాస్తవికంగా ఉందా, లేక పైపూతేనా? రెలీనా, కగాలి లాంటి శాంతివాదులు రచయితల అమాయకత్వమా? ఏ వరుసలో చూస్తే ఈ కోణం బాగా అర్థమవుతుంది?"

నేను డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. గండమ్ పిచ్చి ఆ ఉద్యోగం కంటే పాతది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. కథలు బయటపెట్టకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు, స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

గండమ్‌ను "రియల్ రోబో" కోవలో వేస్తారు కదా అని అందులో రాజకీయం కూడా రియలే అనుకోవద్దు. ఆ పేరు యంత్రాల గురించి. రోబోకు ఇంధనం కావాలి, బుల్లెట్లు అయిపోతాయి, చెడిపోతే మెకానిక్ రాత్రంతా కూర్చోవాలి. మినోవ్‌స్కీ కణాలనే కల్పిత కణాలు రాడార్‌ను గుడ్డిది చేస్తాయి కాబట్టి దగ్గరికెళ్లి కొట్టుకోక తప్పదని ఒక సాకు కూడా పెట్టారు. యంత్రాల సంగతి ఇంత పద్ధతిగా ఉండి రాజకీయం మాత్రం చందమామ కథలా ఉన్న రోబో సిరీస్‌లు చాలానే ఉన్నాయి.

రాజకీయంలో వాస్తవికవాదం అంటే మా పాఠాల్లో చెప్పేది వేరు. దేశాల పైన పోలీసు లేడు. అందుకని ఎవరి భద్రత వాళ్లే చూసుకోవాలి, చివరికి చెల్లేది బలమే. మన కౌటిల్యుడు పొరుగు రాజు శత్రువు, వాడికి అవతలి రాజు మిత్రుడు అని లెక్క కట్టింది ఈ చూపుతోనే. ఆదర్శవాదం ఏమంటుందంటే చట్టం, ఒప్పందం, ప్రజాభిప్రాయం కలిస్తే ఆ బలానికి పగ్గం వేయొచ్చని. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి పుట్టింది ఆ నమ్మకంతోనే, ఇరవై ఏళ్లకే రెండో యుద్ధం వచ్చిపడింది.

ఇక నా అభిప్రాయం. గండమ్‌లో అందరికంటే ప్రమాదకరమైనవాళ్లు కరడుగట్టిన వాస్తవికవాదులు కాదు. చేతిలో సైన్యం ఉన్న ఆదర్శవాదులు. శాంతివాదులను వెక్కిరించాలని ఈ కథలు చూసేవాళ్లు ఈ సంగతి గమనించరు.

1979 ఏప్రిల్‌లో మొదలైన మొదటి సిరీస్‌నే తీసుకోండి. దర్శకుడు యొషియుకి తొమినో. 52 ఎపిసోడ్లు అనుకున్నది రేటింగులు లేక, బొమ్మలు అమ్ముడుపోక 43కే ముగించారు. కథ మొదలయ్యేసరికే జియోన్ రాజ్యం భూ సమాఖ్య మీద స్వాతంత్ర్య యుద్ధం ప్రకటించింది. మనుషులు నివసించే ఒక అంతరిక్ష కాలనీనే భూమి మీద పడేశారు. నెల పైచిలుకు పోరులోనే మొత్తం మానవజాతిలో సగం పోయింది. మొదటి నిమిషాల్లో వ్యాఖ్యాత చెప్పేది ఈ లెక్కే. 1979లో పిల్లల సాయంత్రం కార్యక్రమానికి ఇది మామూలు ఎత్తుగడ కాదు.

జియోన్ మొదట అడిగిందేమిటి? అంతరిక్షంలో పుట్టినవాళ్లను భూమి మీది ప్రభుత్వం వలస ప్రజల్లా ఏలుతోంది, మాకు స్వపరిపాలన కావాలి. ఇందులో తప్పేముంది? ఆ కోరికకు తత్వం అద్దినవాడు జియోన్ జుమ్ డైకున్. అంతరిక్షానికి వెళ్లిన మనిషి ఒకరినొకరు అపార్థం లేకుండా తెలుసుకోగల కొత్త మనిషిగా, "న్యూటైప్"గా ఎదుగుతాడన్నది ఆయన కల. ఆ కల జియోన్‌ను ఏలే జాబీ కుటుంబం చేతికి వచ్చేసరికి, ఎదిగిన జాతి మిగతావాళ్లను ఏలాలి అనే సిద్ధాంతం అయిపోయింది. తమ్ముడు గార్మా అంత్యక్రియల సభలో గిరెన్ జాబీ ఇచ్చే ప్రసంగం చూడండి. చావును ఎలా వాడుకోవాలో తెలిసిన నాయకుడి ప్రసంగం అది. చివర్లో ఈ గిరెన్‌నే, జనాభాను అదుపులో పెట్టి ఎంపికైనవాళ్లు లోకాన్ని నడపాలని చెబుతుంటే, కన్న తండ్రి డెగ్విన్ హిట్లర్ తోకవు నువ్వు అంటాడు.

ఆ డెగ్విన్‌ను గమనించండి. ఆయన మంచివాడేం కాదు. రాజ్యం లాక్కున్నవాడు, యుద్ధాన్ని సాగనిచ్చినవాడు. చిన్నకొడుకు పోయాక అలసిపోయాడు, ఇక గెలవడం వల్ల ఒరిగేది లేదని లెక్క వేసుకున్నాడు. సమాఖ్య సేనాని రెవిల్‌తో సంధి మాట్లాడటానికి తానే ఓడలో బయల్దేరాడు. ముసలి లెక్కలమనిషి చేసిన ఆ పనే కథ మొత్తంలో శాంతికి అందరికంటే దగ్గరగా వచ్చిన పని. గిరెన్ సోలార్ రే అనే మహా ఆయుధాన్ని సరిగ్గా అటే గురిపెట్టి తండ్రిని, రెవిల్‌ను కలిపి కాల్చేశాడు. ఆ ఆయుధం కూడా ఒక కాలనీని ఖాళీ చేయించి, జనాన్ని వెళ్లగొట్టి తయారుచేసిందే. ఇక్కడ సంధికి వెళ్లినవాడు లెక్కలు తెలిసిన స్వార్థపరుడు, చంపినవాడు మానవజాతి భవిష్యత్తు గురించి మాట్లాడేవాడు.

ఇదే సిరీస్‌లో అంటార్కిటికా ఒప్పందం కూడా చూడాలి. నిజానికి అది జియోన్ సమాఖ్యను లొంగదీసుకోవడానికి పిలిచిన చర్చ. అప్పటికి రెవిల్ జియోన్ చేతిలో బందీ. ఆయన తప్పించుకొచ్చి, జియోన్ దగ్గర ఇక సైనికులు లేరు, లొంగకండి అని ప్రసారం చేయగానే లెక్క తారుమారైంది. లొంగుబాటు పత్రం కావాల్సింది యుద్ధ నియమాల ఒప్పందంగా మారింది. అణు, జీవ, రసాయన ఆయుధాలు వద్దు, కాలనీలు పడేయొద్దు, ఖైదీలను హింసించొద్దు. ఆ కాగితం నీతివల్ల పుట్టలేదు, ఎవరూ వెంటనే గెలవలేని స్థితివల్ల పుట్టింది. ఒడెస్సాలో ఓడిపోతున్న జియోన్ సేనాని మ క్వే హైడ్రోజన్ బాంబు వేస్తానని బెదిరిస్తాడు. రెవిల్ ఆగడు, సేనను ముందుకే నడుపుతాడు. బాంబు వస్తుంది కూడా, గండమ్ నడిపే కుర్రాడు ఆమురో గాల్లోనే దాని తల నరుకుతాడు. రెవిల్ జూదం ఆడాడు, ఆ కుర్రాడు ఆదుకున్నాడు. ఆమురో అక్కడ లేకపోయుంటే రెవిల్‌ను ఏమనేవాళ్లం? ఈ ప్రశ్నను సిరీస్ పైకి అడగదు, కానీ నేను క్లాసులో అడుగుతాను.

అన్నట్టు ఇదే మ క్వే పారిపోతూ, తాను భూమి నుంచి పంపిన ఖనిజాలతో జియోన్ ఇంకో పదేళ్లు పోరాడగలదని చెప్పుకుంటాడు. ఇంకోచోట ఆమురో ఉండే సమాఖ్య ఓడ వైట్ బేస్‌లో వంటమనిషి ఉప్పు అయిపోయిందని కెప్టెన్‌కు చెప్పుకుంటే, యుద్ధనౌక ఉప్పు సరస్సు వెతుక్కుంటూ పోవాల్సి వస్తుంది. యుద్ధం అంటే సరుకుల సంగతి కూడా అని పదిహేనేళ్ల వీక్షకుడికి ఇంతకంటే బాగా చెప్పలేం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం సైడ్ 6. అది తటస్థంగా ఉన్న అంతరిక్ష కాలనీల సమూహం. ఇరుపక్షాల ఓడలూ రేవులోకి రావచ్చు, కాల్పులు మాత్రం జరపకూడదు. వైట్ బేస్ రాగానే తనిఖీ అధికారి కామ్రాన్ బ్లూమ్ వచ్చి ఫిరంగుల మీద సీళ్లు వేయిస్తాడు. సీలు చిరిగిందా, భారీ జరిమానా. ఒక నగరాన్ని బూడిద చేయగల ఫిరంగిని ఒక చిన్న సీలు ఆపుతోంది! నవ్వొస్తుంది గానీ, పనిచేస్తుంది. అదే రేవులో శత్రువు, జియోన్ పైలట్ షార్ ఓడ కూడా ఉంటుంది. ఆమురో కారు బురదలో దిగబడితే షారే లాగి బయటపడేస్తాడు. బయట మాత్రం జియోన్ సేనాని కాన్‌స్కాన్ నౌకాదళం కాచుక్కూర్చుంటుంది. ఆ యుద్ధాన్ని సైడ్ 6 టీవీలో లైవ్‌గా వేస్తారు, జనం క్రికెట్ మ్యాచ్‌లా చూస్తారు.

ఇది కల్పన అనుకోకండి. 1907 హేగ్ ఒప్పందాల ప్రకారం యుద్ధంలో ఉన్న దేశపు నౌక తటస్థ రేవులో మామూలుగా 24 గంటలకు మించి ఉండకూడదు. 1939 డిసెంబర్‌లో దెబ్బతిన్న జర్మన్ నౌక గ్రాఫ్ స్పీ ఉరుగ్వేలోని మాంటెవీడియో రేవులో చేరితే, ఆ చిన్న దేశం 72 గంటలు గడువిచ్చింది. బయట బ్రిటిష్ నౌకలు ఎదురుచూస్తున్నాయి. గడువు ముగిసేసరికి కెప్టెన్ నౌకను తానే ముంచేశాడు. ఉరుగ్వేకు ఆ నౌకను ఆపే బలం లేదు. అయినా ఆ గడువు చెల్లింది. ఎందుకంటే తటస్థ రేవు అనేది ఒకటి ఉండటం అందరికీ అవసరం. సైడ్ 6 సీలు కూడా అంతే, దాని వెనక ఉన్నది ఇరుపక్షాల అవసరం. ఆ అవసరం తీరిన రోజున సీలు చిరుగుతుంది.

చిరగడం చూడాలంటే 1989లో వచ్చిన ఆరు భాగాల "వార్ ఇన్ ది పాకెట్" చూడండి. అదే సైడ్ 6, వేరే కాలనీ. సమాఖ్య దొంగచాటుగా అక్కడ కొత్త గండమ్ తయారుచేస్తుంటుంది. దాన్ని నాశనం చేయడానికి జియోన్ మనుషులను పంపుతుంది, వాళ్ల వల్ల కాకపోతే కాలనీ మీదే అణుబాంబు వేయాలని ఒక అధికారి నిర్ణయిస్తాడు. ఇందులో పెద్ద హీరోలెవరూ లేరు. ఆల్ అనే స్కూలు పిల్లాడు, వాడు అన్నలా అభిమానించే జియోన్ కొత్త సైనికుడు బెర్నీ, పక్కింటి అక్క క్రిస్. బెర్నీ ఎదుర్కోబోయే గండమ్ నడిపేది ఆమే, ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలియదు. బాంబు ఆపాలంటే గండమ్‌ను పడగొట్టాలని బెర్నీ ఒంటరిగా దిగుతాడు. ఆ బాంబు మోసుకొస్తున్న ఓడ అప్పటికే పట్టుబడిపోయింది, ఆపు అని చెప్పడానికి ఆల్ పరుగెత్తుకొస్తాడు. అందుకోలేకపోతాడు.

మీ "పైపూత" అనుమానానికి జవాబు ఇక్కడే ఉంది. 1980 జూలైలో బొమ్మల కంపెనీ బండాయ్ 300 యెన్‌లకు గండమ్ ప్లాస్టిక్ కిట్టు అమ్మడం మొదలుపెట్టాకే ఈ సామ్రాజ్యం నిలబడింది. యుద్ధం తప్పని చెప్పే కథకు పెట్టుబడి యుద్ధయంత్రాల బొమ్మలు. ఇది కపటమే, దాచేదేం లేదు. కానీ "వార్ ఇన్ ది పాకెట్" తీసినవాళ్లు ఆ కపటాన్ని కథలోకే లాక్కొచ్చారు. మొదట్లో ఆల్, వాడి స్నేహితులు యుద్ధం ఎప్పుడొస్తుందా, రోబోలు ఎప్పుడు చూస్తామా అని ఉబలాటపడుతుంటారు. చివర్లో స్కూలు అసెంబ్లీలో ఆల్ వెక్కివెక్కి ఏడుస్తుంటే, యుద్ధం అయిపోయిందని బాధపడుతున్నాడనుకుని స్నేహితులు ఓదారుస్తారు: ఏడవకురా, త్వరలో ఇంకో యుద్ధం వస్తుంది, ఈసారి ఇంకా పెద్దది. బొమ్మ కొనే పిల్లాడిని ఇంత సూటిగా చూసిన కథ ఈ కోవలో ఇంకోటి నాకు కనబడలేదు.

ఇప్పుడు శాంతివాదులు. రెలీనా (గండమ్ వింగ్, 1995) సంపూర్ణ అహింస అంటుంది, ఆయుధాలే లేని సాంక్ రాజ్యాన్ని తిరిగి నిలబెడుతుంది. దాన్ని చుట్టుపక్కల కాపలా కాసేది మాత్రం నోయిన్ అనే సైనికాధికారి దాచి ఉంచిన సైనికులు. శత్రువు వచ్చిపడితే రాజ్యం నిలవదు. ఇక్కడ నవ్వడం తేలిక. కానీ కథ ఆ దాచిన సైనికులను మన నుంచి దాచలేదు కదా? ఆయుధం లేని శాంతికి ఎవరో ఒకరు ఆయుధం పట్టి కాపలా కాస్తున్నారని చూపించింది. అమాయకత్వం రెలీనాది, రచయితలది కాదు. అయితే వింగ్ మొత్తంగా నాకు అంత గొప్పగా అనిపించదు. అందులో కులీనులు యుద్ధం గురించి మాట్లాడేది రాజకీయం కంటే కవిత్వం ఎక్కువ.

కగాలి ఉన్న గండమ్ సీడ్ (2002) ఈ విషయంలో గట్టిది. ఓర్బ్ దేశం సూత్రం మూడు ముక్కలు: పరాయి దేశం మీద దాడి చేయం, మా మీద దాడిని సహించం, పరాయి దేశాల తగాదాల్లో తలదూర్చం. చెప్పడానికి బాగుంది. అదే ఓర్బ్‌కు చెందిన కాలనీలో, ఓర్బ్ సంస్థే, ఒక పక్షానికి రహస్యంగా గండమ్‌లు తయారుచేసి పెట్టింది. తండ్రిని నమ్మిన కగాలి ఆ యంత్రాలను కళ్లారా చూసిన క్షణమే ఆమె రాజకీయ చదువు మొదలైన క్షణం. తర్వాత ఓర్బ్ దగ్గరున్న మాస్ డ్రైవర్ కోసం, అంటే అంతరిక్షానికి సరుకు విసిరే ఆ దారి కోసం, భూ కూటమి ఆ దేశం మీద పడుతుంది. 1914 ఆగస్టులో బెల్జియం తటస్థతను జర్మనీ తొక్కుకుంటూ పోవడానికి బెల్జియం చేసిన తప్పేమీ లేదు, ఫ్రాన్స్‌కు దారి దాని గుండా ఉంది, అంతే. ఓర్బ్ నాయకుడు, కగాలి తండ్రి ఉజుమి ఆ దారి శత్రువు చేతికి చిక్కకుండా మాస్ డ్రైవర్‌ను పేల్చేసి తానూ అందులోనే పోతాడు. ఇదంతా గొప్ప త్యాగం అన్నట్టు సంగీతంతో చూపించారు, అక్కడ నాకు పేచీ. దేశం పోయింది, పెద్దలంతా ఒక్కసారిగా చచ్చిపోయారు, మిగిలిన జనం గతేంటి? తర్వాతి సిరీస్‌లో ఓర్బ్ చేతులెత్తేసి అదే కూటమితో పొత్తు పెట్టుకుంటుంది. చరిత్రలో చిన్న దేశాలు ఎక్కువగా చేసేదీ అదే.

గండమ్ 00 (2007) ఇంకో దారిలో వెళ్తుంది. 2307లో ప్రపంచం మూడు కూటములు. అందులో ఒకటి రష్యా, చైనా, ఇండియా కలిసి ఉన్నది, ఆ కలయికకే మనవాళ్లు ముందు నవ్వుకుంటారు. సెలెస్టియల్ బీయింగ్ అనే సంస్థ నాలుగు గండమ్‌లతో వచ్చి, ఎవరు యుద్ధం మొదలుపెట్టినా ఇరుపక్షాలనూ కొడతాం అని ప్రకటిస్తుంది. రెండో ఎపిసోడ్‌లోనే శ్రీలంకలో దిగి రెండువైపులా కొడుతుంది. ఆ ఎపిసోడ్ ప్రసారమయ్యేనాటికి అక్కడి అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు, 2009 దాకా సాగింది. 1987లో శాంతి సేన పేరుతో మన సైన్యం అదే నేల మీద దిగి, వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుని, అటూ ఇటూ కానిదై 1990లో తిరిగొచ్చింది. మధ్యలో దూరి శాంతి తెస్తామనేవాడు మూడో పక్షం అయిపోతాడని మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

సిరీస్ ఈ లెక్కను చివరిదాకా పోనిచ్చింది. అందరినీ కొట్టేవాడు ఒకడు వచ్చేసరికి బద్ధశత్రువులైన మూడు కూటములూ వాడి మీద ఏకమవుతాయి. ఇది బలాబలాల సమతూకం పాఠం, పుస్తకంలో ఉన్నట్టే. నిజానికి ఆ సంస్థ వ్యవస్థాపకుడి పథకమే అది, ఉమ్మడి శత్రువుగా మారి లోకాన్ని ఒకటి చేయడం. పథకం ఫలించింది కూడా. రెండో సీజన్‌కల్లా ఒకే ప్రపంచ ప్రభుత్వం, దానికింద శాంతిరక్షణ పేరుతో ఎ-లాస్ అనే దళం, అది ఊళ్లకు ఊళ్లు చంపేస్తుంటే వార్తల్లో ఒక్క ముక్క రాదు. ప్రపంచ ప్రభుత్వం వస్తే యుద్ధాలు పోతాయనే పాత కలకు ఇది నిర్దాక్షిణ్యమైన జవాబు. ఆ తర్వాత కథను గ్రహాంతర జీవులతో, అందరి మనసులూ కలవడంతో ముగించుకున్నారు. అక్కడ రచయితలు తప్పించుకున్నారనే నేనంటాను.

అందరి మనసులూ కలవడం అన్నాను కాబట్టి మళ్లీ ఆమురో, షార్. 1988 సినిమా "షార్స్ కౌంటర్ ఎటాక్"లో సమాఖ్య అధికారులు షార్‌తో సంధి చేసుకుని, బంగారు కడ్డీలు తీసుకుని ఆక్సిస్ అనే గ్రహశకలాన్ని అమ్మేస్తారు. ఆ శకలాన్నే అతను భూమి మీదికి తోస్తాడు. అతని వాదన: భూమిని మనుషులు పాడుచేశారు, అందరినీ బలవంతంగా అంతరిక్షానికి తరిమితేనే భూమి బతుకుతుంది, మనుషులూ మారతారు. డైకున్ కలే అది, ఆయన సొంత కొడుకు నోట. ఆమురో ఇచ్చే జవాబు సారాంశం ఇది: మేధావులు పెద్ద కలలతో విప్లవం మొదలెడతారు కాబట్టి అతికి పోతారు. గెలిచాక ఆ మంచి మనసును గుమాస్తాగిరీ, జనం మింగేస్తారు. అది భరించలేని మేధావి లోకానికి దూరంగా పోతాడు. ఈ మాట ఊరికే రాలేదు. మొదటి సిరీస్ పాత్రలకు రూపమిచ్చిన యొషికజు యసుహికో విద్యార్థి ఉద్యమంలో తిరిగి, అందుకే హిరోసాకి విశ్వవిద్యాలయం నుంచి బహిష్కరణకు గురైనవాడు. 1960ల చివర ఆ ఉద్యమం ఎలా ఎగసి, ఎలా చీలికల్లోకి, హింసలోకి జారిందో కళ్లారా చూసిన తరం ఈ కథలు తీసింది. కాబట్టి వాళ్ల శాంతికాంక్ష తెలియనితనం కాదు, అనుభవమయ్యాక మిగిలింది.

గండమ్ కాని ఒకటి తప్పకుండా చూడండి: మమోరు ఒషీ తీసిన "పాట్లేబర్ 2" (1993). అందులో రోబోలు కనిపించేదే తక్కువ. ఆగ్నేయాసియాలో ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లిన జపాన్ దళం మీద దాడి జరుగుతుంటే, కాల్పులకు అనుమతి అడుగుతారు, రాదు. మనుషులు పోతారు. ప్రాణాలతో మిగిలిన అధికారి కొన్నేళ్లకు టోక్యోలో ఒక దొంగ యుద్ధాన్ని సృష్టిస్తాడు. 1992లో జపాన్ చట్టం చేసి తన దళాలను కంబోడియాకు పంపిన మరుసటి ఏడాదే వచ్చిన సినిమా ఇది. మన శాంతి ఎవరో దూరాన చేస్తున్న యుద్ధం మీద నిలబడి ఉంది, ఆ సంగతి తెలిసీ తెలియనట్టు బతుకుతున్నాం అని ఒక పాత్ర వాదిస్తే, ఆ దొంగ శాంతినైనా కాపాడటమే తన ఉద్యోగం అంటాడు పోలీసు అధికారి గోతో. ఆదర్శవాదం, వాస్తవికవాదం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఇలాగే ఉంటుంది. ఎవరూ గెలవరు.

చూడాల్సిన వరుస అడిగారు. మొదటి సిరీస్ మొత్తం చూసే ఓపిక లేకపోతే 1981-82లో దాన్నే కుదించి తీసిన మూడు సినిమాలు చూడండి, బొమ్మ పాతగా ఉన్నా రాజకీయం చాలావరకు మిగిలింది. అయితే ఉప్పు ఎపిసోడ్ లాంటివి సిరీస్‌లోనే బాగుంటాయి. వెంటనే "వార్ ఇన్ ది పాకెట్", ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. తర్వాత "షార్స్ కౌంటర్ ఎటాక్". అయితే దానికి ముందు 1985 నాటి "జీటా" చూస్తే షార్ ఎందుకలా తయారయ్యాడో తెలుస్తుంది, కానీ అది 50 ఎపిసోడ్లు, మీ ఇష్టం. ఆపైన 00 మొదటి సీజన్, "పాట్లేబర్ 2". సీడ్, వింగ్ ఎప్పుడు చూసినా పర్లేదు. ఓర్బ్ మీద దాడి ఎపిసోడ్లకు వచ్చాక మాత్రం మీరేమనుకున్నారో ఇక్కడే రాయండి, ఉజుమి విషయంలో నాతో ఏకీభవించేవాళ్లు తక్కువ.